పొరుగు నుంచి వచ్చే వారసత్వం: బ్యాక్టీరియాలో జన్యు బదిలీ చరిత్ర

జీవుల లక్షణాలు తల్లి నుంచి పిల్లకు, ఆ పిల్ల నుంచి దాని పిల్లకు దిగుతాయి. బ్యాక్టీరియాకు ఈ దారి కాక మరొకటి కూడా ఉంది. ఒక కణంలోని డీఎన్‌ఏ ముక్క దానికి ఏ బంధుత్వమూ లేని మరో కణంలో చేరి, అక్కడ స్థిరపడి, ఆ కణం రెండుగా చీలినప్పుడల్లా దాని సంతతికి అందుతుంది. దీన్ని సమాంతర జన్యు బదిలీ అంటారు. ఇది ముఖ్యంగా మూడు తీరుల్లో జరుగుతుంది. చచ్చిన కణాల నుంచి బయటపడ్డ డీఎన్‌ఏను బతికున్న కణం లోపలికి తీసుకుంటే జన్యు పరివర్తన. బ్యాక్టీరియాకు సోకే వైరస్, అంటే ఫేజ్, ఒకదాని జన్యువులను మరొకదానికి మోసుకెళితే జన్యువహనం. రెండు కణాలు ఒకదాన్నొకటి తాకి, నేరుగా డీఎన్‌ఏ ఇచ్చి పుచ్చుకుంటే సంయుగ్మం. ఈ మూడూ 1928 నుంచి 1952 లోపే బయటపడ్డాయి. అయితే ఇవేవో ప్రయోగశాల వింతలు కావనీ, బ్యాక్టీరియా పరిణామమే వీటి మీద నడుస్తోందనీ జీవశాస్త్రం ఒప్పుకోవడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఆసుపత్రి వార్డుల్లో ఈ సంగతి అంతకు చాలా ముందే తెలిసింది.

మొదటి ఆధారం న్యుమోనియా దగ్గర దొరికింది. సల్ఫా మందులకూ పెన్సిలిన్‌కూ ముందు కాలంలో న్యుమోనియాకు ఉన్న ఒకే గట్టి చికిత్స సీరం. న్యుమోకాకస్ క్రిమిలో రకాలు ఉంటాయి. రోగిలో ఉన్నది ఏ రకమో కనుక్కొని, దానికి తగిన సీరాన్నే ఎక్కించాలి. అందుకే ఏ ఊళ్లో ఏ రకం ఎంత వ్యాపించిందో లెక్క తీయడం ఆరోగ్య శాఖల పనుల్లో ఒకటైంది. లండన్‌లో బ్రిటిష్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రయోగశాలలో ఈ పని చూసినవాడు ఫ్రెడరిక్ గ్రిఫిత్. పెద్దగా మాట్లాడని మనిషి, సభలకు వెళ్లడమంటే అసలు ఇష్టపడడు. ఒకే రోగి కఫంలో ఒకటికి మించిన రకాలు కనిపించడం ఆయనకు అంతుపట్టలేదు. ఇవన్నీ బయటి నుంచి విడివిడిగా వచ్చి చేరాయా, లేక ఒక రకమే మరో రకంగా మారుతోందా?

1928లో ఆయన ప్రచురించిన ప్రయోగం ఇప్పటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. రోగం తెచ్చే న్యుమోకాకస్ చుట్టూ చక్కెర పదార్థంతో ఏర్పడిన తొడుగు ఉంటుంది. పళ్లెంలో పెంచితే దాని గుంపులు నున్నగా మెరుస్తాయి. తొడుగు పోగొట్టుకున్న క్రిమి గుంపులు గరుకుగా కనిపిస్తాయి, ఎలుకను ఏమీ చేయలేవు. గ్రిఫిత్ మూడో రకం నున్నని క్రిములను వేడితో చంపాడు. వాటిని మాత్రమే ఎక్కిస్తే ఎలుక బతికింది. రెండో రకం నుంచి వచ్చిన గరుకు క్రిములను మాత్రమే ఎక్కించినా బతికింది. రెండూ కలిపి చర్మం కింద ఎక్కిస్తే చచ్చింది. దాని రక్తంలో మూడో రకం తొడుగుతో నున్నని క్రిములు సజీవంగా దొరికాయి. వాటి తర్వాతి తరాలకూ అదే తొడుగు వచ్చింది. చచ్చిన క్రిమి పదార్థాన్ని బతికున్నది ఆహారంగా తీసుకొని తన పాత యంత్రాంగాన్ని మళ్లీ కట్టుకుందని గ్రిఫిత్ ఊహించాడు. జన్యువు అనే మాట ఆయన దరిదాపులకు కూడా రాలేదు. ఆ రోజుల్లో బ్యాక్టీరియాకు జన్యువులుంటాయని నమ్మినవాళ్లే తక్కువ. 1941లో లండన్ మీద జర్మనీ విమానాలు కురిపించిన బాంబులకు గ్రిఫిత్ బలయ్యాడు. తాను పట్టుకున్నదేమిటో ఆయనకు తెలియకుండానే పోయింది.

న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఆస్వాల్డ్ ఏవరీ ఈ ఫలితాన్ని మొదట నమ్మలేదు. న్యుమోకాకస్ రకాలు స్థిరమైనవని ఏళ్ల తరబడి పనిచేసి నిరూపించినవాళ్లలో ఆయన ఒకడు మరి. కానీ ఆయన ప్రయోగశాలలో పనిచేసి కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన మార్టిన్ డాసన్ ఎలుక అవసరం లేకుండా గాజు గొట్టంలోనే ఈ మార్పును తెప్పించాడు. ఆ తర్వాత లయనెల్ అల్లోవే కణాలనే తీసేసి, వాటిని కరిగించి వడకట్టిన ద్రవంతోనే పని జరుగుతుందని చూపాడు. ఇక మిగిలింది ఆ ద్రవంలోని అసలు పదార్థం ఏదన్న ప్రశ్న. కోలిన్ మెక్‌లియాడ్, మెక్లిన్ మెకార్టీలతో కలిసి ఏవరీ దాని వెంటపడ్డాడు. ఒక్కో విడతకు 50 నుంచి 75 లీటర్ల క్రిముల ద్రవాన్ని పెంచి, వేగంగా తిరిగే యంత్రంలో క్రిములను వేరుచేసి, ప్రోటీన్లనూ తొడుగు చక్కెరనూ ఒక్కొక్కటిగా తొలగించేవారు. చివర మిగిలిన ద్రవంలో ఆల్కహాల్ పోసి గాజు కడ్డీతో కలిపితే తెల్లని పోగులు ఆ కడ్డీకి చుట్టుకునేవి. ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు ఆ పోగుల శక్తిని తగ్గించలేకపోయాయి. ఆర్‌ఎన్‌ఏను కోసేవీ తగ్గించలేకపోయాయి. డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ తగిలితే మాత్రం పని ఆగిపోయింది. 1944లో ఈ పత్రం అచ్చయింది.

వారసత్వ పదార్థం డీఎన్‌ఏ అని తేల్చిన పత్రంగానే దాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. అది న్యాయమే. అందులో అంతే పెద్ద సంగతి మరొకటి ఉందని పట్టించుకున్నవాళ్లు తక్కువ: ఒక వంశంలోని లక్షణం సంతానం అనే దారి తొక్కకుండానే మరో వంశానికి చేరి, అక్కడ శాశ్వతంగా నిలిచిపోయింది. డీఎన్‌ఏ ఏమిటన్న ప్రశ్న ముందు ఈ రెండో సంగతి చాలాకాలం మరుగున పడింది. ఏవరీకి నోబెల్ రాలేదు, 1955లో కన్నుమూశాడు.

మిగిలిన రెండు దారులను కనుక్కోవడంలో జోషువా లెడర్‌బర్గ్ ప్రమేయం ఉంది. 1946లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టేటమ్‌తో కలిసి తొలి ఫలితం ప్రకటించేనాటికి ఆయనకు 21 ఏళ్లు. వాళ్లు వాడినది ఈ.కోలై కె-12 అనే రకం. 1922లో కాలిఫోర్నియాలో డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక రోగి మలం నుంచి తీసి, స్టాన్‌ఫర్డ్‌లో భద్రపరచినది. కొన్ని పోషకాలను సొంతంగా తయారు చేసుకోలేని రకాన్ని ఒక పక్క, వేరే పోషకాలను చేసుకోలేని రకాన్ని ఇంకో పక్క తీసుకొని కలిపారు. ఆ పోషకాలేవీ లేని పళ్లెం మీద రెండూ బతకకూడదు. అయినా కోటి కణాలకు ఒకటి చొప్పున గుంపులు లేచాయి. అంటే రెండింటి జన్యువులూ ఒకే కణంలో కలిశాయి. 1950లో బెర్నార్డ్ డేవిస్ ఆంగ్ల యు అక్షరం ఆకారంలో ఉన్న గొట్టం మధ్యలో, ద్రవం పోయినా కణం దూరలేని జల్లెడ పెట్టి ఈ రెండు రకాలనూ చెరో పక్క పెంచాడు. ఏమీ జరగలేదు. కణాలు ఒకదాన్నొకటి తాకితేనే ఈ బదిలీ సాధ్యమని అలా తేలింది.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. ఇచ్చేది, తీసుకునేది వేర్వేరు రకాలని లండన్‌లో విలియం హేస్ చూపాడు. ఇచ్చే గుణం కూడా అంటుకుంటుందనీ, ఎఫ్ కారకం అని పేరు పెట్టిన ఆ గుణం సోకిన కణం తానూ దాతగా మారుతుందనీ 1952 ప్రాంతంలో తెలిసింది. అదే ఏడాది క్రోమోజోమ్‌కు బయట సొంతంగా నిలిచే ఇలాంటి డీఎన్‌ఏ వలయాలకు లెడర్‌బర్గ్ ప్లాస్మిడ్ అనే పేరు పెట్టాడు. ఆయన విద్యార్థి నార్టన్ జిండర్ సాల్మొనెల్లాలో ఫేజ్ జన్యువులను మోసుకెళ్లడాన్ని పట్టుకున్నదీ ఆ ఏడాదే. పారిస్ పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వా జాకబ్, ఎలీ వోల్‌మన్ సంయుగ్మంలో ఉన్న కణాలను వంటింటి మిక్సీలో తిప్పి మధ్యలోనే విడగొట్టారు. ఎన్ని నిమిషాల తర్వాత విడగొడితే ఏ జన్యువు అవతలికి చేరిందో చూసి, క్రోమోజోమ్ మీద జన్యువుల వరుసను నిమిషాల్లో గుర్తించారు. మొత్తం క్రోమోజోమ్ దాటడానికి సుమారు 100 నిమిషాలు పడుతుంది. జన్యుశాస్త్రవేత్తలకు ఇదొక అద్భుతమైన కొలబద్ద. ప్రకృతిలో బ్యాక్టీరియాకు దీనితో ఏం పని అన్న ప్రశ్న వాళ్లలో చాలామందికి తట్టనే లేదు.

వైద్యం వైపు నుంచి జవాబులు అప్పటికే వస్తున్నాయి. 1951లో అమెరికాలోని సియాటిల్‌లో విక్టర్ ఫ్రీమన్, విషం తయారు చేయలేని డిఫ్తీరియా క్రిమికి ఒక రకం ఫేజ్ సోకగానే అది విషం తయారు చేయడం మొదలుపెట్టిందని ప్రకటించాడు. పిల్లల గొంతు మూసి ప్రాణం తీసే ఆ విషపు జన్యువు క్రిమిది కాదు, ఆ క్రిమికి సోకిన వైరస్‌ది.

అయితే ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు జపాన్‌లో వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ దేశాన్ని రక్త విరేచనాలు పట్టి పీడించాయి. కారణం షిగెల్లా క్రిమి. మొదట సల్ఫా మందులు బాగా పనిచేశాయి. కొన్నేళ్లకే ఎక్కువ క్రిములు వాటికి లొంగడం మానేశాయి. అప్పుడు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వంతు వచ్చింది. 1955లో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఒక మహిళకు ఏ మందుకూ విరేచనాలు కట్టలేదు. ఆమె నుంచి తీసిన షిగెల్లా ఈ నాలుగు మందులకూ ఒకేసారి లొంగలేదు. త్వరలోనే అలాంటి రోగులు వేరే చోట్లా కనబడ్డారు.

దీనికి అప్పటి సిద్ధాంతం చెప్పే కారణం ఒక్కటే: ఉత్పరివర్తన, అంటే డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు అనుకోకుండా దొర్లే తప్పు. ఒక మందును తట్టుకునే తప్పు కోటి కణాల్లో ఒక దాంట్లో జరుగుతుందనుకుంటే, నాలుగు మందులను తట్టుకునే నాలుగు తప్పులు ఒకే కణంలో విడివిడిగా పడే అవకాశం 1 పక్కన 28 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒకటి. ఏ రోగి పేగులోనూ అన్ని క్రిములు ఉండవు. పైగా వార్డుల్లో కనిపించిన వివరాలు ఈ లెక్కకు అసలే కుదరలేదు. ఒకే ఇంట్లో, ఒకే మూలం నుంచి రోగం సోకినవాళ్లలో కొందరి క్రిములు మందుకు లొంగేవి, కొందరివి లొంగేవి కావు. ఒకే రోగి మలంలోనూ రెండు రకాలు కలిసి దొరికేవి. ఒక్క మందే వాడిన రోగిలో నాలుగు మందులనూ తట్టుకునే క్రిమి కనిపించేది. ఇంకా విచిత్రం, అలాంటి రోగుల పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికే ఈ.కోలై కూడా సరిగ్గా అవే నాలుగు మందులను తట్టుకునేది.

చివరి వివరమే దారి చూపింది. టోక్యో విశ్వవిద్యాలయంలో తొమోఇచిరో అకిబా బృందం, నగోయాలో ఒచియాయ్ బృందం 1959లో ఎవరికి వారుగా ఒకే ప్రయోగం చేశాయి. మందులు తట్టుకునే ఈ.కోలైనీ, తట్టుకోలేని షిగెల్లానూ ఒకే ద్రవంలో కలిపి పెంచాయి. కొద్ది సేపటికే షిగెల్లా నాలుగు మందులనూ ఒక్క దెబ్బతో తట్టుకోవడం మొదలుపెట్టింది. కెయో విశ్వవిద్యాలయంలో త్సుతోము వతనబే, ఫుకసవా ఇది కణాల స్పర్శతో సాగే సంయుగ్మమేనని చూపారు. ఆక్రిడీన్ జాతి రంగులు తగిలితే ఈ నిరోధకత మొత్తం ఒకేసారి పోయేది; కాబట్టి అది క్రోమోజోమ్ మీద లేదు, ప్లాస్మిడ్ మీద ఉంది. ఇలాంటి వాటికి ఆర్ కారకాలు అన్న పేరు స్థిరపడింది. ఈ పని ఎక్కువగా జపనీస్‌లోనే అచ్చవడంతో పాశ్చాత్య శాస్త్రవేత్తలకు చాలాకాలం తెలియలేదు. 1963లో వతనబే ఆంగ్లంలో రాసిన విపులమైన సమీక్షతో ప్రపంచం ఉలిక్కిపడింది. ఎఫ్ కారకం దగ్గర చూసిన వింత ప్రకృతిలో ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరికింది. అది మందులను ఓడిస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లకు పరిచితమైన పేరొకటి వస్తుంది. ఆ నాలుగు మందుల్లో టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యం ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న కాలంలో, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీసి 1948లో ప్రపంచానికి అందించిన మందు అది. సుబ్బారావు అదే ఏడాది చనిపోయారు. ఆ తర్వాత అదే సంస్థలో మరో సంగతి బయటపడింది: ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన మడ్డిని మేతలో కలిపితే కోడిపిల్లలు వేగంగా పెరుగుతున్నాయి. కొన్నేళ్లలోనే పాశ్చాత్య దేశాల్లో కోళ్లకు, పందులకు, దూడలకు యాంటీబయాటిక్ మేత రోజువారీ వ్యవహారమైంది. లక్షల జంతువుల పేగుల్లో, కొద్ది కొద్దిగా, ఏడాది పొడవునా మందు ఉంటే ఆర్ కారకాలకు అంతకన్నా కావలసింది ఏముంటుంది?

దాని ఫలితం ఇంగ్లండ్‌లో కనిపించింది. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో వచ్చిన సాల్మొనెల్లా ఉపద్రవంలోని క్రిములను పరీక్షించి, జపాన్‌లో చూసినలాంటి బదిలీ ఐరోపాలోనూ ఉందని నవోమి దత్తా 1962లో చూపింది. 1963 తర్వాత కొలిండేల్ ప్రయోగశాలలో ఈ.ఎస్. ఆండర్సన్, ఒక రకం సాల్మొనెల్లా దూడల మందల్లో ఒక్కొక్క మందునే తట్టుకోవడం నేర్చుకుంటూ పోవడాన్నీ, అది మనుషులకు సోకడాన్నీ పట్టుకొని పత్రికలకెక్కించాడు. ప్రభుత్వం వేసిన స్వాన్ కమిటీ 1969లో నివేదిక ఇచ్చింది: మనుషుల చికిత్సకు వాడే యాంటీబయాటిక్స్‌ను పశువుల పెరుగుదల కోసం మేతలో కలపరాదు. బ్రిటన్ చాలావరకు ఒప్పుకుంది. ఐరోపా సమాఖ్య అంతటా పెరుగుదల కోసం వాడే యాంటీబయాటిక్ మేత పూర్తిగా ఆగింది మాత్రం 2006లో.

ప్లాస్మిడ్‌లు యాంటీబయాటిక్స్ వచ్చాకే పుట్టాయా అన్న అనుమానం చాలామందికి ఉండేది. దాన్ని తీర్చింది ఒక పాత భోషాణం లాంటి సేకరణ. కెనడాలో ముర్రే అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 1917 నుంచి 1954 వరకు దేశదేశాల నుంచి తెప్పించుకున్న పేగు క్రిములను మూసిన గొట్టాల్లో దాచిపెట్టాడు. 1983లో విక్టోరియా హ్యూస్, నవోమి దత్తా వాటిని తిరిగి పెంచి పరీక్షించారు. దాదాపు నాలుగో వంతు క్రిముల్లో ఒక కణం నుంచి మరో కణానికి దాటగల ప్లాస్మిడ్‌లు ఉన్నాయి. కానీ వాటి మీద మందులను తట్టుకునే జన్యువులు దాదాపు లేవు. దారి ముందే ఉంది. దాని మీద సరుకు ఎక్కించింది మనిషి.

సరుకు ఎక్కే పద్ధతి కూడా ఆ సరికే తేటపడుతోంది. ఒక డీఎన్‌ఏ మీద నుంచి మరోదాని మీదికి గెంతగల జన్యు ఖండాలకు 1974లో హెడ్జెస్, జాకబ్ ట్రాన్స్‌పోజాన్ అని పేరు పెట్టారు. ఈ జాకబ్, పారిస్ జాకబ్ వేర్వేరు మనుషులు. 1989లో ఆస్ట్రేలియాలో స్టోక్స్, హాల్ ఇంటెగ్రాన్‌లను వివరించారు: నిరోధక జన్యువులను ఒకదాని పక్కన ఒకటి వరుసగా పేర్చుకొనే ఏర్పాటు అది. నాలుగు మందులకు నాలుగు జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీదికి ఎలా చేరాయన్న జపాన్ చిక్కుముడి అలా విడింది.

ఇంతవరకు ఇది వైద్యుల గోడు. జీవ పరిణామం చదివేవాళ్లను కదిలించింది జీనోమ్‌ల కాలం. 1995లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా డీఎన్‌ఏ మొత్తాన్ని, సుమారు 18 లక్షల 30 వేల అక్షరాలను, ఆ చివర నుంచి ఈ చివరకు చదివారు. స్వేచ్ఛగా బతికే జీవుల్లో అదే మొదటిది. 1997లో ఈ.కోలై కె-12 వంతు వచ్చింది: 46 లక్షల పైచిలుకు అక్షరాలు, 4,288 ప్రోటీన్ జన్యువులు. మరుసటి ఏడాదే జెఫ్రీ లారెన్స్, హోవర్డ్ ఆక్‌మన్ ఈ జన్యువులను ఒక్కొక్కటిగా జల్లెడ పట్టారు. ప్రతి బ్యాక్టీరియా జాతికీ డీఎన్‌ఏ అక్షరాల వాడకంలో ఒక అలవాటు ఉంటుంది. కొత్తగా వచ్చి చేరిన జన్యువులో ఆ అలవాటు కనపడదు. అలా లెక్క తీస్తే 755 జన్యువులు, అంటే 18 శాతం, సాల్మొనెల్లా నుంచి ఈ.కోలై విడిపోయిన సుమారు 10 కోట్ల ఏళ్లలో బయటి నుంచి వచ్చినవేనని తేలింది. కనీసం 234 సార్లు ఈ చేరిక జరిగి ఉండాలి.

ఒకే జాతిలోని తేడాలు ఇంకా దిగ్భ్రమ కలిగించాయి. ఆహారం ద్వారా సోకి మూత్రపిండాలను దెబ్బతీసే ఈ.కోలై ఓ157 రకాన్ని 2001లో చదివితే, కె-12లో లేని 1,387 జన్యువులు అందులో కనిపించాయి. 2002లో మూత్రనాళానికి సోకే మరో ఈ.కోలైను కూడా చేర్చి మూడింటినీ పోల్చారు. మొత్తం ప్రోటీన్లలో మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి 39.2 శాతమే. మనిషికీ చింపాంజీకీ ఉన్న తేడా దీని ముందు ఏపాటి? ఒక జాతి జీనోమ్ అంటే ఏదో ఒక కణంలో ఉన్నది కాదనీ, అన్ని కణాల్లోనూ ఉండే ఉమ్మడి భాగం, కొన్నింట్లోనే ఉండి వస్తూ పోతూ ఉండే భాగం కలిస్తేనే దాని పూర్తి స్వరూపమనీ 2005లో హెర్వే టెటెలిన్ బృందం ప్రతిపాదించింది. పాన్‌జీనోమ్ అన్న మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది.

బయటి నుంచి అదేపనిగా జన్యువులు వస్తూ ఉంటే జీనోమ్ ఉబ్బిపోవాలి కదా? అలా జరగదు, ఎందుకంటే పోయేవి కూడా అంతే ఉంటాయి. బ్యాక్టీరియాలో డీఎన్‌ఏ ముక్కలు ఊడిపోయే పోకడ బలంగా ఉంటుంది. పనికిరాని జన్యువు ఎక్కువ కాలం నిలవదు. కుష్ఠు క్రిమి ఈ క్షయానికి కళ్లెదుట ఉన్న ఉదాహరణ. 2001లో దాని జీనోమ్ చదివితే పనిచేసే ప్రోటీన్ జన్యువులు 1,604, పాడైపోయిన జన్యువుల ఆనవాళ్లు 1,116 కనిపించాయి. మనిషి కణాల లోపలే ఒంటరిగా బతకడానికి అలవాటుపడ్డ క్రిమికి కొత్తవి వచ్చే దారి లేదు, పాతవి నిలిచే అవసరమూ లేదు. దాని దగ్గరి బంధువైన క్షయ క్రిమి విషయమూ చెప్పుకోవాలి. ఈ నాటి క్షయ క్రిముల్లో సమాంతర బదిలీ దాదాపు కనిపించదు. మొండి క్షయ పుట్టేది సొంత ఉత్పరివర్తనలతోనే. అన్ని బ్యాక్టీరియాలూ జన్యువులను ఎడాపెడా పంచుకుంటాయనడం సరికాదు.

వచ్చిన ప్రతి డీఎన్‌ఏనూ కణం ఆహ్వానించదు కూడా. హీమోఫిలస్ బయటి డీఎన్‌ఏను తీసుకునే తీరును పరిశీలిస్తూనే హామిల్టన్ స్మిత్ 1970లో, పరాయి డీఎన్‌ఏను నిర్ణీత చోట్ల కోసే ఎంజైమ్‌ను పట్టుకున్నాడు; జన్యు ఇంజినీరింగ్‌కు కత్తెర దొరికింది అక్కడే. 1987లో ఒసాకాలో ఇషినో బృందం ఈ.కోలైలో గమనించిన వింత పునరావృత అక్షరాలు, సోకిన ఫేజ్‌లను గుర్తుపెట్టుకొని ఎదిరించే క్రిస్పర్ వ్యవస్థలో భాగమని 2007లో పెరుగు తయారీలో వాడే బ్యాక్టీరియా మీద ప్రయోగాలు రుజువు చేశాయి. అది ప్లాస్మిడ్‌ల రాకనూ అడ్డుకుంటుందని మరుసటి ఏడాది తెలిసింది.

ఇన్ని వివరాలు పోగయ్యాక పరిణామ వృక్షం మీదే వివాదం రేగింది. 1977లో కార్ల్ వోస్ రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి జీవులన్నిటికీ వంశవృక్షం గీశాడు. ఆర్కియా అనే కొత్త శాఖ బయటపడింది అలాగే. 1999లో వేడి నీటి ఊటల్లో బతికే థర్మోటోగా అనే బ్యాక్టీరియాను చదివితే 24 శాతం జన్యువులు ఆర్కియా జన్యువులను పోలి ఉన్నాయి. ఏ జన్యువును పట్టుకొని గీస్తే ఆ చెట్టు వస్తుందనీ, బ్యాక్టీరియా చరిత్రకు చెట్టు కన్నా వలే సరైన రూపమనీ ఫోర్డ్ డూలిటిల్ అదే ఏడాది వాదించాడు. కణంలో పదులకొద్దీ భాగాలతో కలిసి పనిచేసే రైబోజోమ్ లాంటి యంత్రాంగపు జన్యువులు అరుదుగా బదిలీ అవుతాయనీ, ఆహారం జీర్ణించుకోవడం లాంటి విడి పనుల జన్యువులు తేలిగ్గా మారతాయనీ జేమ్స్ లేక్ బృందం చూపింది. చెట్టు బోదె నిలిచింది, కొమ్మలు అల్లుకుపోయాయి అన్నది ఇప్పటికి చాలామంది అంగీకరించే మధ్యేమార్గం.

ఉత్సాహం హద్దు మీరిన సందర్భాలూ ఉన్నాయి. 2001లో మానవ జీనోమ్ తొలి పత్రం, వెన్నెముక జీవుల్లోకి బ్యాక్టీరియా నుంచి 200కు పైగా జన్యువులు వచ్చి ఉంటాయని అంది. నెలల్లోనే ఆ సంఖ్య 40 దగ్గరకు పడిపోయింది. మిగతా జీవుల జీనోమ్‌లు చాలినన్ని చదవకపోవడమే ఆ పొరపాటుకు మూలం. 2015లో టార్డిగ్రేడ్ అనే అతిచిన్న జంతువులో ఆరో వంతు జన్యువులు పరాయివని వచ్చిన ప్రకటన కూడా నిలవలేదు. ఆ డీఎన్‌ఏలో చాలా భాగం నమూనాలో కలిసిపోయిన బ్యాక్టీరియాది.

భారతదేశానికి ఈ చరిత్రతో ఉన్న సంబంధం కలరాతో మొదలవుతుంది. కలరా రోగిని నీరుగార్చేది ఒక విషమని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేలు పేగు మీద ప్రయోగాలతో నిరూపించారు. ఆ విషపు జన్యువులు కూడా డిఫ్తీరియాలో లాగే ఒక ఫేజ్ తెచ్చినవని 1996లో వాల్డోర్, మెకలానోస్ కనుగొన్నారు. ఇంతలో 1992 చివర మద్రాసులో కొత్త రకం కలరా తలెత్తింది. పాత కలరాకు అలవాటుపడి రక్షణ సంపాదించిన పెద్దవాళ్లు కూడా దీనికి పడిపోయారు. ఓ139 అని పేరు పెట్టిన ఈ క్రిమి, పాత క్రిమి పైపూతను తయారు చేసే జన్యువుల స్థానంలో వేరే చోటి నుంచి వచ్చిన జన్యువులను పెట్టుకుంది. న్యుమోకాకస్ తొడుగు మార్చుకున్న సంగతే ఇది; కాకపోతే జరిగింది ఎలుకలో కాదు, బంగాళాఖాతం తీరంలో. మద్రాసు రోగి నుంచి తీసిన నమూనాలో సల్ఫా, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్ మందులను తట్టుకునే జన్యువులన్నీ ఒకే మూటగా, కణం నుంచి కణానికి దాటగల రూపంలో దొరికాయి.

మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్ మందులను విరిచేసే ఎన్‌డీఎం-1 జన్యువు వివరాలు 2009లో అచ్చయ్యాయి. ఢిల్లీలో చికిత్స పొంది స్వీడన్‌కు తిరిగి వెళ్లిన రోగిలో అది దొరికింది. ఆ పేరులోని ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ; ఇలా ఊరి పేరు పెట్టడం మీద దేశంలో పెద్ద రగడ జరిగింది. ఆ రగడలో అసలు విషయం వెనక్కి పోయిందనే చెప్పాలి. 2011లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన 171 మురుగు నీటి నమూనాలు పరీక్షిస్తే 51లో, 50 కుళాయి నీటి నమూనాల్లో 2లో ఆ జన్యువు ఉంది. దాన్ని మోస్తున్న క్రిముల్లో షిగెల్లా, కలరా క్రిములు కూడా ఉన్నాయి. 2015లో చైనాలో ఆఖరి మందుల్లో ఒకటైన కోలిస్టిన్‌ను ఓడించే జన్యువు పందుల్లో, ప్లాస్మిడ్ మీద బయటపడింది. ఆహారం కోసం పెంచే జంతువులకు కోలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది.

మందులు మింగే చోటే కాదు, తయారయ్యే చోటా ఈ బదిలీ సాగుతుందని చూపింది హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు. అక్కడి సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్రలు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మందు కన్నా ఇది ఎక్కువ. అదే బృందం ఆ నీరు కలిసే వాగుల అడుగు మట్టిలోని డీఎన్‌ఏను చదివి 2011లో, దగ్గర్లోని కాజిపల్లి చెరువు మట్టిని చదివి 2014లో వివరాలు వెలువరించింది. రెండు చోట్లా నిరోధక జన్యువులు గుట్టలుగా ఉన్నాయి, వాటితోపాటే వాటిని మోసుకెళ్లే ప్లాస్మిడ్‌లు, ఇంటెగ్రాన్‌ల ఆనవాళ్లూ ఉన్నాయి. మందుల కర్మాగారాల వ్యర్థ జలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించరాదో చెబుతూ కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.